యార్డు వైపు తిరిగిన యాంటెన్నా

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ప్రతి డాబా మీదా ఎవరో ఒకరు యాంటెన్నా తిప్పుతూ కనిపించేవారు. 1977 వానాకాలంలో ఒక రోజు విజయ కుమారి ఎక్కింది. కింద గదిలో టీవీ ముందు కూర్చున్న అత్త రోజమ్మ కిటికీలోంచి కేకలేస్తోంది.

"వచ్చిందా?" అని పైనుంచి అడిగింది విజయ కుమారి.

"లేదే. తెర నిండా సుక్కలే, సీమలు పాకినట్టు," అంది రోజమ్మ.

బాగుచేస్తానని భర్త కృపాకర్ ఐదు ఆదివారాలు దాటేశాడు. విజయ కుమారి పళ్లు కొరుకుతూ తీగంతా తడిమి చూసింది. వానకి నల్లబడ్డ కొస కోసేసి, బ్లేడుతో గీకి, మళ్లీ బిగించింది. అయినా బొమ్మ రాలేదు. ఒళ్లు మండిపోయింది. కోపం టీవీ ఒక్కదాని మీదే కాదు. భవానీపూర్‌లో టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష రాసి రెండు నెలలైంది. క్వార్టర్ల ఉత్తరాలు యార్డు ఆఫీసుకే వస్తాయి, ఇంటికి తెచ్చేది కృపాకరే. ఎప్పుడడిగినా "రాలేదు" అంటాడు, కళ్లెత్తకుండా.

యాంటెన్నా గొట్టాన్ని విసురుగా తిప్పింది.

"ఆగాగు! ఆడే ఉంచు. మనోడు కనిపిస్తన్నాడు," అని అరిచింది రోజమ్మ.

టీవీ కేంద్రం అందనప్పుడు చుట్టుపక్కల చోట్లు తెర మీద పడడం అక్కడ మామూలే. పోయిన వారం కాంటీన్‌లో పాలు పొంగిపోవడం ఇంట్లోంచే చూసి, పరిగెత్తుకెళ్లి చెప్పొచ్చింది రోజమ్మ.

విజయ కుమారి దిగి వచ్చేసరికి తెర మీద యార్డు విశ్రాంతి గది. కృపాకర్ టిఫిన్ డబ్బా కింద నుంచి ఒక కవరు తీసి తోటి గార్డు సాల్మన్ రాజుకి చూపిస్తున్నాడు.

"దానికి ఉద్యోగం వచ్చిందిరా. రేపు పదకొండింటితో గడువైపోద్ది. ఎల్లుండిస్తాను, పోస్టులో ఆలస్యమైందని సెప్పి."

"తప్పురా," అన్నాడు సాల్మన్ రాజు. కృపాకర్ నవ్వాడు.

రోజమ్మ పైటచెంగు బొడ్లో దోపుకుని లేచింది. "నా కడుపున పుట్టి ఇదేటి పని? ఇజయా, నడు!"

ఇద్దరూ పట్టాల వెంట బురదలో నడిచారు. వాళ్లు గదిలోకి వెళ్లేసరికి కవరు ఇంకా కృపాకర్ చేతిలోనే ఉంది.

"మీకెవరు సెప్పారు?"

"టీవీలో పడింది. ఎప్పుడొచ్చిందది?"

"పది రోజులైంది. ఇల్లెవరు సూస్తారని..."

అంతవరకూ భర్తని 'మీరు' అని పిలిచే విజయ కుమారి, గదిలో అందరూ వినేలా అంది: "పది రోజులు నేను వండింది తింటూ నాకే అబద్ధం చెప్పావు నువ్వు."

కవరు లాక్కుంది. కృపాకర్ తల్లి వైపు చూశాడు.

"నన్ను సూడకు," అంది రోజమ్మ. "రేపట్నించి నీ కూడు నువ్వే వండుకో."

మర్నాడు పదింటికి విజయ కుమారి భవానీపూర్ ఆఫీసులో రిజిస్టరు ముందు నిలబడింది. రాత్రంతా నిద్రపోయినా కోపం చల్లారలేదు. సంతకం పెడుతుంటే కలం పాళీ కాగితంలోకి దిగి పర్రున చీల్చింది.

"ఆస్తే మా, ఆస్తే," అని మెల్లగా రాయమన్నాడు ముసలి గుమాస్తా, చిరుగు మీద అరచేయి ఆనించి. మెల్లగా రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇంటిపేరు కూడా అంతే గట్టిగా రాసి, తన కుర్చీ ఎక్కడని అడిగింది.