వాల్చని పలకలు

మధ్యాహ్నం మూడు దాటిందంటే చాలు, మేం కాపురముండే ఇంటిబండి నెత్తిమీది ఏసీ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది. అప్పుడు నేను డెల్బర్ట్ కాళ్ల మీద తడిగుడ్డ పరుస్తాను. నా మొగుడికి నరాల జబ్బు. ఒంటికి వేడి తగిలితే ముందు కాళ్లు మాట వినవు, ఆ తర్వాత నాలుక. నిన్న సాయంత్రం నా పేరు పలకడానికి మూడుసార్లు తంటాలు పడ్డాడు.

ఈ అరిజోనా ఎడారిలో మాతోపాటు చలికాలం గడిపిన బళ్లన్నీ ఏప్రిల్‌లోనే ఉత్తరానికి వెళ్లిపోయాయి. మా బండికి గేరుబాక్సు పోయింది. మెకానిక్కేమో ఇంకో రెండు వారాలంటున్నాడు. ఇప్పుడు మే నెల. జనరేటరు ఎప్పుడో చచ్చింది. కరెంటుకు మాకు దిక్కు పైకప్పు మీది ఆరు సోలార్ పలకలూ, మంచం కింది బ్యాటరీలూ.

మాలాగే ఆగిపోయినవాడు రాస్కో ఒక్కడే. రెండు తుంట్లూ మార్పించుకున్న ముసలాడు, నిచ్చెన ఎక్కలేడు.

"మబ్బు లేదు. పొద్దున నిచ్చెన మీంచి పొడుగు కర్రతో దుమ్ము కూడా దులిపాను. కరెంటు ఎటు పోతోంది, రాస్కో?" అని అడిగాను.

అతను కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా పైకప్పు వంక చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"మీ పలకలింకా జనవరిలోనే ఉన్నాయి కదే, వెర్నా!"

చలికాలం సూర్యుడు కిందకి ఉంటాడని, పలకల కింద కాళ్లు నిలబెట్టి దక్షిణానికి ఎత్తిపెడతాం. బయల్దేరే రోజున గాలికి ఎగిరిపోకుండా వాల్చి బిగిస్తాం. వాల్చడమంటే ప్రయాణం. మేం బయల్దేరలేదు, అవి వాలలేదు. ఇప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పొద్దున్నా సాయంత్రమూ ఉత్తరం వారనుంచి పలకల వీపుకు కొడుతున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు డెల్బర్ట్ కిటికీలోంచి.

"ఎప్పట్నించి?"

"నెల అవుతోంది. చెప్తే నువ్వు పైకెక్కుతావు. పోయినేడు పడ్డావు కదా, ఆ మోకాలితో."

"ముసలి గాడిదా! మాట పడిపోతున్నా నోరు మూసుకు కూర్చున్నావా?"

"అరవకు. వేడెక్కుతాను."

మర్నాడు తెల్లారగానే ఎక్కాను. రాస్కో నిచ్చెన పట్టుకుని, "పడితే నా మీద పడకు, ఈ తుంట్లు కొత్తవి," అన్నాడు. ఇరవై నాలుగు నట్లు. సగం తుప్పు పట్టాయి. బోర్లా పడుకుని ఒక్కోటీ విప్పుతూ, ఒక్కో పలకనూ వాలుస్తూ పోయాను. ఆఖరిది వాలేసరికి పైకప్పు రేకు కాలిపోతోంది, మోకాలు గుమ్మడికాయంత అయింది. దిగేటప్పుడు రెండు మెట్ల మధ్య ఎంతసేపు ఆగానో నాకే తెలియదు.

ఆ రోజు థర్మామీటరులో నూట ఎనిమిది, జ్వరంలో చూస్తే గుండె ఆగే అంకె. మూడయింది. ఏసీ ఆగలేదు. నాలుగు. అయిదు. అయిదూ నలభైకి మూలిగి ఆగింది. అప్పటికి ఎండ కొండల మీదకి వంగింది.

మోకాలి మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాను. బండి కదలాలంటే ఇంకా పదమూడు రోజులు.

"వెర్నా," అన్నాడు డెల్బర్ట్. ఒక్కసారికే వచ్చింది. "మంచినీళ్లు."

"కాళ్లున్నాయిగా ఇవాళ. నువ్వే తెచ్చుకో," అన్నాను. "వస్తూ వస్తూ నాకూ ఓ గ్లాసు తీసుకురా."

లేచాడు. గోడ పట్టుకుని, నెమ్మదిగా, లేచాడు.