మెడ వెనక రెండు వేళ్ళు

ఫోను వీడియోలో ఆ అమ్మాయి డాక్టరేనా అసలు, తెల్లకోటు వేసుకుంటే ఎవరైనా డాక్టరులాగే ఉంటారు, అయినా ఎంత నెమ్మదిగా చెప్పింది, చల్లగాలిలో పడుకోబెడితే పసిబిడ్డకు ఊపిరి ఆగిపోవచ్చని, ఆగిపోయాక గాని తల్లికి తెలియదని, అది విన్నప్పటినుంచి మలేనే వేలు ఫోను మీద నిలవడం లేదు, ఒక వీడియో మంచిదంటుంది, ఇంకొకటి బిడ్డను చంపుకుంటారా అంటుంది, ఈ ఎస్‌బ్యెర్గ్ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా ఆరుబయట చలిలోనే పిల్లల తోపుడుబండిలో ఒక పాప హాయిగా నిద్రపోతుంటుంది, తన పాప ఆస్టా బండి మాత్రం వంటింట్లో చేరింది, హీటరు వేడికి పాప కన్ను మూయదు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, ఎవరినడగాలి, నర్సు ఒక గుంపుగా జతచేసిన కొత్త తల్లులందరూ చదువుకున్నవాళ్ళు, పరిశోధనలంటారు, చదువు మధ్యలో మానేసిన తను ఇదడిగితే నవ్వుతారని వాళ్ళ దగ్గరికి వెళ్ళడమే మానేసింది, ఫోనైతే నవ్వదు, కానీ అందులో ఇన్ని గొంతులున్నాయి, ఒక్కటీ మలేనే అని పిలవదు.

మలేనే, అని కింద వాకిట్లోంచి పిలిచింది పక్కింటి ఇంగెర్ పెద్దమ్మ, సైకిలు తుడుస్తూ, మీ పిల్లేమన్నా పూలకుండీనా, ఎప్పుడూ కిటికీలోనే పెడతావు, చలి పెద్దమ్మా, మార్చిలో చలేంటే, మీ అమ్మ నిన్ను మంచులోనే బండిలో పడుకోబెట్టి నాతో కాఫీ తాగేది, అమ్మకి భయమెయ్యలేదా, ఎందుకెయ్యదూ, గుక్క తాగడం, లేచెళ్ళి నీ మెడ వెనక వేళ్ళు పెట్టి వెచ్చగా ఉన్నావో లేదో చూడడం, ఏనాడూ వేడి కాఫీ తాగిన పాపాన పోలేదు మీ అమ్మ.

ఆ వేళ్ళు, చేపల వాసన ఎంత కడిగినా పోని రెండు వేళ్ళు, బడి నుంచి వస్తే మెడ వెనక కాలరులో దూరేవి, అబ్బా వదులమ్మా అని విదిలించుకునేది, కడుపుతో ఉన్నానని, చదువు మానేశానని చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడిన రోజు కూడా అమ్మ కాలరులో వేళ్ళు పెట్టి, చల్లబడ్డావే, లోపలికి రా, అంది, పాప పుట్టేలోగా అమ్మే లేకుండా పోయింది, ఇప్పుడు ఫోనులో ఎన్ని ముఖాలు వెతికినా ఆ చెయ్యి దొరకదు.

బండి కింద వాకిట్లోకి దింపింది, పాపను పడుకోబెట్టి దుప్పటి సర్దింది, గాలి తగిలిందో లేదో ఆస్టా రెప్పలు వాలిపోయాయి, భయం అలాగే ఉంది, ఉండనీ, మలేనే రెండు వేళ్ళు పాప మెడ వెనక్కి వాటంతటవే వెళ్ళాయి, వెచ్చగా ఉంది, పాప నిద్రలోనే విసుగ్గా మెడ విదిలించుకుంది, ఫోను ఎక్కడో మేడ మీదే ఉండిపోయింది, ఇన్నాళ్ళూ తను వెతికింది సమాధానం కోసం కాదు, అమ్మ చెయ్యి కోసం, అది ఇప్పుడు తనకే వచ్చి ఉంది.