ముసలి ప్రోగ్రామూ, అల్లుడుగారి సెలవూ

బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యిలన్నీ ఒక ముసలి కంప్యూటర్ ప్రోగ్రాం చెప్పినట్టు నడుస్తాయి. దాన్ని రాసినవాళ్లు ఏనాడో రిటైరయ్యారు. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఆ నల్లటి తెరా, ఆకుపచ్చ అక్షరాలూ చూసి చేతులెత్తేశారు. దాని నాడి తెలిసింది, అత్తగారింటి పైవాటాలో కాపురముండే మన అల్లుడుగారికొక్కరికే.

అందుకని ఫ్యాక్టరీ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. జీతం పెంచారు, విడిగా గదిచ్చారు. ఆయన మెట్లు దిగుతుంటే మేనేజరు చెయ్యి పట్టుకుని దింపేవాడు. తుమ్మితే చాలు, డాక్టరు పరుగెత్తుకొచ్చేవాడు. సెలవు మాట మాత్రం ఎత్తకూడదు. పెళ్లయిన కొత్తలో భార్యకు చూపిస్తానన్న సముద్రం, పాప బడికెళ్లే వయసొచ్చినా క్యాలెండర్లో బొమ్మగానే ఉండిపోయింది.

"ఈ వేసవిక్కూడా తీసుకెళ్లకపోతే, ఇక ఆ ప్రోగ్రాంతోనే కాపురం చేసుకోండి" అంది భార్య. అన్నంత పనీ చేసే మనిషి.

ఒక సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చుని ప్రోగ్రాంతో కుస్తీ పడుతుంటే అత్తగారు వెనకొచ్చి నిలబడ్డారు. ఆవిడ టైపిస్టుగా చేసి రిటైరయ్యారు.

"ఏంటిది, ఏమడిగినా ఉలకదు పలకదు?"

"మొదటిసారి అంతేనండీ. రెట్టిస్తే మొండికేస్తుంది. కాసేపు ఊరుకుని మళ్లీ మెల్లిగా అడగాలి."

"అచ్చం మీ మావయ్యే!" అత్తగారి మొహం వెలిగిపోయింది. "లేవండి, నేను చూస్తా."

నెల తిరక్కుండా ప్రోగ్రాం ఆవిడ చెప్పుచేతల్లోకి వచ్చేసింది. మేనేజరు ఎగిరి గంతేసి ఉద్యోగమిచ్చాడు. అల్లుడుగారు భార్యకూ పాపకూ తనకూ టిక్కెట్లు కొన్నారు, ఉబలాటం ఆగక ఈత చెడ్డీ కూడా కొన్నారు. ఆ ఊపులోనే వెళ్లి సెలవడిగారు.

"అయ్యో, ఇద్దరిలో ఒకరుండాలిగా సార్! మీ అత్తగారు చేరిన రోజే సెలవు పెట్టేశారు" అన్నాడు మేనేజరు.

ఇంటికి పరుగెత్తేసరికి గుమ్మంలో పెట్టెలున్నాయి.

"మీ టిక్కెట్టు అమ్మ పేరు మీదికి మార్పించా" అంది భార్య నవ్వాపుకుంటూ. "మాటిచ్చారుగా, చూపిస్తున్నారు."

"జాగ్రత్త అల్లుడుగారూ" అన్నారు అత్తగారు ఆటో ఎక్కుతూ. "ఫ్యాక్టరీలో అదీ, ఇంట్లో మీ మావయ్యా. ఇద్దర్నీ రెట్టించకండి."

అల్లుడుగారికి నిజంగానే ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని లోపలికెళ్లారు. మావగారు పేపరు చదువుకుంటున్నారు.

"మావయ్యగారూ, ఆ ప్రోగ్రాం మీకూ నేర్పనా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. అల్లుడుగారు రెట్టించలేదు. టీ పెట్టి తెచ్చి, కాసేపు పక్కన కూర్చుని, మళ్లీ మెల్లిగా అడిగారు.

పేపరు కిందికి దిగింది.

"నేర్చుకుంటా గానీ, మొదటి సెలవు నాదే" అన్నారు మావగారు.