భవాని మూసిన కిటికీ

ఎండ మండే మధ్యాహ్నం ఫ్యాను ఆపుకుని, కిటికీలు బిగించుకుని కూర్చునే ఆడవాళ్లు సిద్దిపేట గల్లీల్లో ఇంటింటికీ కనిపిస్తారు. చూడని వాళ్లకు వింతగా ఉంటుంది గానీ బీడీలు చుట్టేవాళ్లకు అది మామూలే. గాలి తగిలితే చాటలోని తంబాకు ఎగిరిపోతుంది, తడిపిన తునికాకు ఎండి పెళుసెక్కుతుంది. భవాని కూడా అలాగే కూర్చునేది. ఒళ్లో చాట, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు, ఎదురుగా టీవీ. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్లు సీరియల్లోని అత్తాకోడళ్ల తగువు తీరుస్తుండేవి. బడి నుంచి వచ్చిన కూతురు భువన తల్లి పక్కనే బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకుంటూ దగ్గుతుండేది.

ఆ దగ్గుకు కారణం ఎవరో భవాని ఎప్పుడో తేల్చేసింది. ఆమె మామ సిద్ధిరాములు. ఒకప్పుడు మగ్గం మీద గొల్లభామ చీరలు నేసిన మనిషి. మోకాళ్లు సహకరించక మగ్గం దిగాడు గానీ బీడీ మాత్రం మానలేదు. కోడలు చుట్టినవాటిలో వంకరపోయినవి ఏరుకుని అరుగు మీద కూర్చుని కాల్చేవాడు. ఆ పొగ గుమ్మం దాటి లోపలికి వచ్చేది, అందులో అబద్ధం లేదు. అయితే ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. పొద్దున లేవగానే కిటికీ తలుపులు బార్లా తెరిచేవాడు.

“గాలి ఆడనియ్యి బిడ్డా, ఇల్లంత ఘాటు గొడ్తుంది” అనేవాడు.

“గాలి ఆడితె నా తంబాకు ఎగురుతది మామా. ఆ ఘాటు నీ బీడీలదే” అంటూ భవాని లేచి కిటికీ మూసేది.

వానలు మొదలైన రోజుల్లో భువనకు దగ్గు ముదిరింది. ఒకనాడు ఊపిరి ఆడక కళ్లు తేలవేస్తే ఆటోలో దవాఖానకు ఎత్తుకుపోయారు. అక్కడ మందుతో ఆవిరి పట్టాక పిల్ల తేరుకుంది. ఇంటికి రాగానే భవాని భర్త గజేందర్ మీద విరుచుకుపడింది.

“ఇంట్ల మీ బాపు బీడీ అన్న ఉండాలె, నా బిడ్డ అన్న ఉండాలె. ఏది గావాల్నో నువ్వే చెప్పు.”

అరుగు మీద ఉన్న పెద్దాయనకు ప్రతి మాటా వినిపించింది. మర్నాడు పొద్దున్నే బట్టల సంచి సర్దుకుని, రాయపోల్‌లో ఉన్న కూతురు నవనీత ఇంటికి బయలుదేరాడు. వెళ్తూ వెళ్తూ మనవరాలి తల నిమిరి, “నీ దగ్గు తగ్గినంక వస్త బిడ్డా” అన్నాడు. ఉండమని ఎవరూ అనలేదు. భవానికి మనసులో కాస్త హాయిగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

అరుగు ఖాళీ అయింది. దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సాయంత్రం కాగానే రాయపోల్ నుంచి ఫోను వచ్చేది. “పిల్లకెట్లుంది?” అని ఆయన మొదటిసారి అడిగినప్పుడు భవాని నోటికి నిజం రాలేదు. తగ్గలేదంటే ముసలాయనను అన్యాయంగా వెళ్లగొట్టానని తానే ఒప్పుకున్నట్టు.

“తగ్గింది మామా. మంచిగనే ఉంది” అంది.

“అట్లనా. నేను దూరమున్నదే మంచిగయింది” అన్నాడాయన, నిజంగానే సంతోషపడుతూ.

సరిగ్గా అప్పుడే లోపల పిల్ల దగ్గింది. భవాని అరచేత్తో ఫోను మూసేసింది. ఒక అబద్ధం ఆడాక రెండోదానికి కష్టపడనక్కర్లేదు. అది రోజూ సాగింది.

మళ్లీ దగ్గు ఎక్కువైతే బస్తీ దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు శ్రీవాణి పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి విని, “ఇంట్లో ఎవరైనా బీడీ కాలుస్తారా?” అని అడిగింది.

“లేరు మేడం. మా మామ ఉండె, పంపిచ్చినం.”

“మరి నువ్వేం పని చేస్తవమ్మా?”

“బీడీలు చేస్త. ఇంట్లనే, కిటికీ మూసుకొని.” ఆ మాట తన నోటి నుంచి వస్తుండగానే భవానికి చాటలోని తంబాకు కళ్లముందు మెదిలింది.

డాక్టరు గొంతు పెంచలేదు. “పొగ చెడ్డదే. మీ మామ మానేస్తే ఆయనకూ మంచిది, మీకూ మంచిది. కానీ పొగ కనిపిస్తుంది కాబట్టి ఆయనను పంపిచ్చినవు. చాటలోంచి లేచే తంబాకు దుమ్ము కనిపించదు. మూసిన ఇంట్లో అది ఎక్కడికి పోతది? పిల్ల ఊపిరితిత్తుల్లోకి, నీ ఊపిరితిత్తుల్లోకి. పని మానమంటలేను. అరుగు మీద చేసుకో, ముక్కుకు గుడ్డ కట్టుకో. తంబాకు మూత డబ్బాలో పెట్టి బయట ఉంచు. ఇల్లు ఊడ్చకు, తడిగుడ్డతో తుడువు. చీర మార్చుకున్నాకే పిల్లను దగ్గరికి తీసుకో. కిటికీలు తెరువు.”

ఇంటికొచ్చి కిటికీ తెరిచింది భవాని. ఎండ లోపలికి పడింది. ఆ వెలుగులో పిల్ల దిండు తీసి దులిపితే గోధుమరంగు దుమ్ము లేచింది. వానకు చెమ్మగిల్లకుండా తంబాకు సంచిని పొడిగా ఉన్న మూలలో దాచింది తానే. పిల్ల పడుకునేదీ ఆ మూలలోనే. తంబాకు పాడవకూడదని పడ్డ శ్రద్ధలో సగం కూడా పిల్ల ఊపిరి మీద పెట్టలేదు. దిండు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం భువనను వెంటబెట్టుకుని రాయపోల్ బస్సెక్కింది. నవనీత ఇంటి ముందు రేకుల కింద కూర్చున్న సిద్ధిరాములు, మనవరాలు పరుగెత్తుకు రావడం చూసి గాభరాగా లేచాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు.

“పిల్లను ఎందుకు తెచ్చినవ్ బిడ్డా? నా దగ్గరికి రానియ్యకు. మళ్ల మొదలైతది.”

పరుగెత్తిన ఆయాసానికి భువన వంగి వంగి దగ్గింది. ఆయన కోడలి వైపు చూశాడు. “తగ్గిందంటివి గద?”

“తగ్గలె మామా. ఒక్కనాడు గూడ తగ్గలె. నీకు అబద్ధం చెప్పిన. పిల్లతోని దుమ్ము మింగిచ్చింది నేను. నిందేమో నీ నెత్తిన వెట్టిన.”

లోపలి నుంచి వచ్చిన నవనీత గుమ్మంలో ఆగింది. “బాపు గీడికొచ్చినంక బీడీ ముట్టలె వదినా. మానేస్తెనన్న పిల్ల కాడికి రానిస్తవని.”

భవాని ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. కోపం వచ్చిందో, బాధ కలిగిందో సిద్ధిరాములు మొహంలో తెలియలేదు. ఒక్కటే అడిగాడు.

“కిటికీ తెరిచే వచ్చినవా?”

“తెరిచే వచ్చిన మామా.”

“అయితె పోదాం పా. అరుగు మీద గాలికి అడ్డం చాప గడ్త. తంబాకు ఎగరది.”

నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు భుజాన వేసుకుని మనవరాలిని ఎత్తుకున్నాడు.

ఇప్పుడు భవాని చాట అరుగు మీద ఉంది. భువనకు దగ్గు చాలావరకు తగ్గింది. చలికాలంలో ఎప్పుడైనా వచ్చినప్పుడు మాత్రం భవాని మామ మొహంలోకి చూడలేక తల దించుకుంటుంది. ఆ తలవంపు మనకు రాకూడదనే ఈ కథ. ఇంట్లో పిల్ల దగ్గితే, ఎవరినో బయటికి పంపే ముందు మనం లోపల ఏం పెట్టుకున్నామో చూసుకుందాం, ముందుగా కిటికీ తెరుద్దాం.