అల్లుడుగారి చెయ్యి పడిన ఫైలు

మా ప్రచురణాలయంలో అల్లుడుగారు అన్నది బంధుత్వం కాదు, ఉద్యోగం. యజమాని కూతురిని చేసుకున్న నెలలోనే ఆయనకు కంప్యూటర్ల శాఖ సంక్రమించింది. ఆయన కంటే పదిహేనేళ్లు పెద్దవాళ్లయిన కంపోజింగ్ ఆవిడా, ప్రెస్సు ఫోర్‌మనూ కూడా ఆయనను అలాగే పిలుస్తారు. నేను ప్రూఫులు దిద్దుతాను. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి రిటైరైనదాన్ని గనక వైద్య పుస్తకాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి.

ఆయన తన చేత్తో ప్రెస్సుకు పంపిన తొలి పుస్తకం మూడు ముద్రణలు పోయింది. నాటినుంచి యజమానికి అదొక నమ్మకమై కూర్చుంది: ఏ ఫైలైనా సరే, అచ్చుకు వెళ్లే ముందు అల్లుడుగారి చెయ్యి పడాలి. చెయ్యి పడటమంటే మరేమీ కాదు. ఫైలును ఆయన తన కంప్యూటర్ మీదికి లాక్కుని, వెనక గదిలోని సర్వర్లో తానే తెరిచిన 'అచ్చుకు' అనే ఫోల్డర్లో పేస్టు చేస్తారు. చదవరు. చదవగలరన్న ఆరోపణ కూడా ఆయన మీద ఎవరూ చేయలేదు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నర్సుల చేతిపుస్తకం మిషనెక్కాలి. పదకొండున్నరకు, చివరిసారిగా తిరగేస్తూ, నూట నలభై ఒకటో పేజీలో ఆగిపోయాను. పసిపిల్లల గుండె మందు మోతాదు 0.5 మిల్లీలీటరు ఉండవలసిన చోట 5 ఉంది. సున్నా, దాని పక్కన చుక్క, రెండూ ఎగిరిపోయాయి. పదింతల మందు. అర్ధరాత్రి వార్డులో ఒంటరిగా ఉన్న నర్సు ఈ పుస్తకాన్ని నమ్ముతుంది. నమ్మడానికే కదా అచ్చువేస్తున్నాము. లోపలి పేజీలో 'పరిశీలన' అన్న మాట కింద ఉన్నది నా పేరు.

'అచ్చుకు' ఫోల్డర్లో ఫైలు తెరిచి, దిద్ది, సేవ్ నొక్కాను. అనుమతి లేదని వచ్చింది.

అల్లుడుగారిని పిలిపించాను. ఆయన నా కంప్యూటర్ను నిలబడే చూశారు, కుర్చీకి అంత గౌరవం ఇవ్వనవసరం లేదన్నట్టు.

"లినక్సు కదా ఆంటీ ఇది. అక్కడే వచ్చింది తంటా. మావన్నీ విండోసు. రెండిటికీ పడదు. దానిదో భాష, దీనిదో భాష."

"మరి ఫైలు తెరుచుకుంది. ఏ భాషలో తెరుచుకుంది నాయనా?"

"చూడనిస్తుంది ఆంటీ, రాయనివ్వదు. మొండిది."

ఆ మొండిదాన్ని ఆయన మూడుసార్లు ఆపి మళ్లీ వేశారు. కేబుల్ ఊడదీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టారు. ఒంటిగంటకు, "ఇది తీసేసి విండోసు వేయించుకోండి, సాయంత్రానికి అయిపోద్ది," అని భోజనానికి వెళ్లిపోయారు. వెనక గదిలోని సర్వర్ నడిచేది కూడా లినక్సు మీదేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దాని సంరక్షకుడు ఆయనే.

నేను కంపోజింగ్ ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆమెది విండోసే. అదే ఫైలు తెరిచి సేవ్ చేయమన్నాను.

"నాకూ అవదమ్మా," అంది, కీబోర్డు ముట్టుకోకుండానే.

"ఎప్పటినుంచి?"

"అల్లుడుగారు వచ్చిన కాడినుంచి."

"ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే నాది కూడా ఊదుతారు. డెస్క్‌టాప్ మీదికి కాపీ తీసుకుని దిద్దుకుంటాను. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్'... అట్లా పేర్లు పెట్టి ఆయనకిస్తాను. ఎట్లాగూ ఆయన చెయ్యి పడాలి గదా."

అయితే తగవు యంత్రాల మధ్య లేదు. నా బల్ల దగ్గరికి వచ్చి ఒకే ఒక ఆదేశం టైపు చేశాను. ఫోల్డర్లోని ప్రతి ఫైలు పక్కనా దాని సొంతదారు పేరు వరసగా వచ్చింది. రెండు వందల పన్నెండు ఫైళ్లు, ఒకే పేరు, అల్లుడుగారిది. పేస్టు చేసినవాడిదే ఫైలు. మిగతావారికి చూసే హక్కే గాని రాసే హక్కు లేదు. ఆ చెయ్యి తాకిన ప్రతిదీ తాళం పడి కూర్చుంది. మూడేళ్లుగా ఒక కార్యాలయమంతా ఒక మనిషి చేతి చలవను తప్పించుకునే చుట్టుదారులు వెతుక్కుంటూ బతికింది.

రెండున్నరకు వచ్చిన అల్లుడుగారికి ఆ వరస చూపించాను. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, అందరికీ అన్నీ ఇచ్చేస్తా పోండి," అన్నారు, వీధిలో పంచిపెట్టే దాతలాగా. ఇచ్చారు. మూడుంబావుకు సున్నానూ చుక్కనూ వాటి స్థానంలో పెట్టాను. సేవ్ అయింది.

యజమాని వచ్చి అంతా విన్నారు. విని, గోడ గడియారం చూసి, ఆప్యాయంగా అన్నారు: "పోనీలెండి. మీరొక్కసారి చెయ్యి వెయ్యండి అల్లుడుగారూ, పంపిద్దాం."

నేను అడ్డుపడేలోగా అల్లుడుగారు తన గదిలోకి వెళ్లి వచ్చారు. "అయిపోయింది మావయ్యగారూ."

ఏమైపోయిందో అడగకుండా మెట్లు దిగి ప్రెస్సు గదికి వెళ్లాను. పది నిమిషాలకు అచ్చు ప్లేటు తయారై వచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. నూట నలభై ఒకటో పేజీలో అయిదు, నిండుగా, నిబ్బరంగా కూర్చుని ఉంది. ఆయన తన డెస్క్‌టాప్ మీది పొద్దుటి కాపీని తెచ్చి నా దిద్దుబాటు మీద పేస్టు చేశారు.

"ఇది ఎక్కించకండి," అన్నాను.

"మిషను ఆపాలంటే పెద్దాయన చెప్పాలి మేడమ్," అన్నాడు ఫోర్‌మన్, అయినా చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

పెద్దాయన వచ్చారు, వెనకే అల్లుడుగారు. నేను గొంతు పెంచలేదు.

"ఎక్కించుకోండి. ఒక్క మార్పు చేయండి. పరిశీలన అన్నచోట నా పేరు తీసేసి, చివరిగా చెయ్యి వేసిన వారి పేరు వేయండి. ఈ మోతాదు ఏ పసిబిడ్డ ఒంట్లోకి వెళ్లినా, ఆ తల్లి తెరిచి చూసుకునే పేరు అదే."

యజమాని భూతద్దం తీసుకుని చూశారు. తరవాత అల్లుడిని చూశారు. ఆ చూపులో మూడేళ్ల నమ్మకం దిగిపోవడం నాకు కనిపించింది.

"ఆపండి," అన్నారు ఫోర్‌మన్‌తో.

నేను మళ్లీ దిద్దిన ఫైలు ఇంకెవరి చెయ్యీ పడకుండా ప్రెస్సుకు వెళ్లింది. పుస్తకం రెండు గంటలు ఆలస్యమైంది.

మర్నాడు యజమాని నా బల్ల పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "ఆయన మనసు నొచ్చుకోకుండా ఏదైనా మార్గం ఉందా అమ్మా?" అన్నారు.

ఉంది. యజమాని ఇప్పించిన పాస్‌వర్డుతో సర్వర్లో అల్లుడుగారి అధికారాలు నేనే మార్చాను. ఇప్పుడాయన ప్రతి విభాగంలోని ప్రతి ఫైలునూ చూడగలరు; ఒక్క అక్షరమైనా కదిలించలేరు. దీనికి యజమాని 'సర్వ పర్యవేక్షణ స్థాయి' అని పేరు పెట్టారు. అల్లుడుగారు ఆ మాటను తన గది తలుపు మీద బోర్డుగా రాయించుకున్నారు. అందులో ఒక అక్షరదోషం ఉంది. నా బల్ల మీదికి రాని ప్రూఫు నేను దిద్దను.