సూదులు ఏరిన చెయ్యి

మెనీగోట్స్ తాత తన గుండ్రటి మట్టి ఇంట్లోనే కన్నుమూశాడు. ఉత్తరపు గోడకి కన్నం పెట్టి అతన్ని బయటికి తీసుకెళ్లారు. ఆ తరవాత అమెరికా ఆదివాసులైన నవాహోల్లో మనిషన్నవాడెవడూ ఆ గుమ్మం తొక్కలేదు. చచ్చినవాళ్ల గాలి సోకుతుందని భయం. భయపడితే పడ్డారు, సూదులకి ఆ భయం లేదు కదా! తాతకి షుగరు. రోజూ పొడుచుకున్న ఇన్సులిన్ సూదులన్నీ లోపలే ఓ పాత సబ్బు డబ్బాలో ఉండిపోయాయి. కన్నంలోంచి దూరిన మేకలు ఆ డబ్బాని తన్నేశాయి. పక్కింటి కుక్క కాలికి సూది గుచ్చుకునేదాకా ఎవరికీ ఆ సంగతి పట్టలేదు.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? ఊరి ఆరోగ్య కార్యకర్త ఎర్నస్టీన్ కట్టింది. మందపాటి గ్లౌజులు వేసుకుని, ఒక్కో సూదినీ పటకారుతో ఏరి, ఎర్ర డబ్బాలో వేసి, మూత బిగించి క్లినిక్కుకి చేర్చింది. లోపలున్నంతసేపూ ఆమెకీ ఆ భయమే. ఆమె మాత్రం నవాహో కాదా?

ఊరు మెచ్చుకుంది, దూరం నుంచి. ఆమె శుద్ధి చేయించుకుంది. నెల తిరక్కుండా ఇంకో ఇల్లు, ఇంకో డబ్బా. ఎన్నిసార్లని చేయించుకుంటుంది? ఆమె కలిపిన కాఫీ ఎవరూ తాగరు. చెయ్యి చాపితే తలూపి ఊరుకుంటారు. భోజనం ట్రక్కులోనే, ఒక్కతే. అవన్నీ ఓర్చుకుంది గాని, అక్క లోరిండాకి కొడుకు పుట్టాక ఒంటరితనం భరించరానిదైంది. చిన్నమ్మ అంటే అమ్మే. ఆ అమ్మ వాణ్ణి ఇంతవరకూ ఎత్తుకోనేలేదు.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లింది.

"అక్కడే ఆగవే," అంది అక్క. "ఏమనుకోకు. పసివాడు కదా."

"చేతులు కడుక్కున్నానే అక్కా, స్పిరిట్‌తో."

"స్పిరిట్‌కి పురుగులు చస్తాయి. చచ్చినవాళ్లు ఇంకేం చస్తారే?"

ఎర్నస్టీన్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

లోపల వేరే హడావుడి. పిల్లాడు ఇంకా మొదటి నవ్వు నవ్వలేదు. నవాహోల ఆచారం ప్రకారం ఎవరు నవ్విస్తే వాళ్లే విందు పెట్టి, బిడ్డ చెయ్యి పట్టుకుని అందరికీ ఉప్పు పంచాలి. అప్పుడే బిడ్డకి దానగుణం అబ్బుతుంది. ఎర్నస్టీన్ అన్న డ్వేన్ కోతి వేషాలన్నీ వేస్తున్నాడు.

"ఆ మొహానికి వాడు జడుసుకుంటాడ్రా, మానెయ్," అంది ఎర్నస్టీన్ వాళ్లమ్మ.

ఏం చెయ్యాలో తోచక ఎర్నస్టీన్ జేబులోంచి కొత్త గ్లౌజు తీసి గాలి ఊదింది. ఐదు వేళ్లూ కోడి జుట్టులా నిక్కాయి. పట్టు జారింది. గ్లౌజు బుర్రుమంటూ గదంతా తిరిగి డ్వేన్ నెత్తిన పడింది.

పిల్లాడు కిలకిలా నవ్వాడు.

ఇప్పుడు వాడి చెయ్యి పట్టుకోవలసింది ఆమే. చుట్టపక్కాలంతా ఆమె చేతి ఉప్పు తినవలసిందే. అక్క అమ్మ వంక చూసింది. ఎర్నస్టీన్ కూడా అటే చూసింది. వద్దంటే ఇక ఈ గడపకి రాకూడదనుకుంది.

అమ్మ లేచి పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. ఎర్నస్టీన్ గాభరాగా జేబు తడుముకుంది.

"ఉండమ్మా, గ్లౌజులు వేసుకుంటాను."

"ఉప్పు పెట్టే చేతికి గ్లౌజులేమిటే?" అంటూ అమ్మ పిల్లాణ్ణి ఆమె చేతుల్లో పెట్టింది.