సగం పదమూడు, సగం పద్నాలుగు

కేశవ అనంతపురంలో టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. నెలకోసారి ఉరవకొండ దగ్గరున్న సొంతూరికి వస్తాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున లేవగానే, గోడ కొక్కేనికి వేలాడుతున్న నాయన వాచీ కంటబడింది. టైము ఆరు. తేదీ గడిలో పైన సగం పదమూడు, కింద సగం పద్నాలుగు.

"అమ్మా, ఇది ఎన్నాళ్ల నుంచి ఇట్లుండాది?"

కదిరమ్మ చేట ముందర కూర్చుని చట్నీకి వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. "నాకేం తెలుసప్పా? నాకు పొద్దే గడియారం. ఇప్పుడే మీ చిన్నాయన తెచ్చి తగిలిచ్చిపాయ. మీ నాయన గొర్రెలకాడి నుంచి వస్తానే అడిగి ముట్టు."

ఇంతమాత్రానికి అడిగేదేముందని కేశవ కీని ఒక మెట్టు లాగి తిప్పాడు. అంకె కదిలింది, మళ్లీ జారి సగంలో నిలబడింది. ఇంకోసారి తిప్పాడు. ఈసారి సగం పద్నాలుగు, సగం పదహైదు.

"థూ!"

కీ ఇంకో మెట్టు లాగి ముళ్లు తిప్పుకుంటూ పోయాడు. పన్నెండు దాటింది, తేదీ మారలేదు. మళ్లీ పన్నెండు దాటించాడు, మారలేదు. నాలుగు దగ్గర అంకె కదలడం మొదలుపెట్టి, ఆరుకు సగమై, ఏడయ్యేసరికి మారింది. తప్పు అంకెల చక్రంలో లేదు. ముళ్లు పీకి మళ్లీ పెట్టినవాడెవడో వాటిని చూసుకోకుండా పెట్టాడు.

"యా బుద్ధిలేనోడు చేసినాడో!" అన్నాడు కేశవ.

సంచిలోంచి స్క్రూడ్రైవర్లు తీశాడు. వెనక మూత బ్లేడుతో లేపాడు. కీ ఊడదీసి యంత్రాన్ని బయటికి తీశాడు. రెండు బ్లేడ్లు కిందికి దూర్చి ముళ్లు పైకి లేపుతుంటే సెకండ్ల ముల్లు ఎగిరి చేటలో పడింది.

"కదలొద్దుమా! చెయ్యి పెట్టొద్దు!"

"చట్నీ ఎప్పుడు చేసేదిరా?"

"ముల్లు నూరుకుని తింటామా? ఉండు."

పప్పులు ఒక్కొక్కటే పక్కకు పెడుతూ వెతికాడు. ముల్లు పొట్టుకు అంటుకుని దొరికింది. అప్పటికి అతని మెడ పట్టేసింది. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. తేదీ మారే చోట యంత్రాన్ని ఆపి, ముళ్లు పన్నెండు మీద కూర్చోబెట్టాడు. అంతా బిగించి, తన వాచీ చూసి టైమూ తేదీ సరిచేశాడు. గడిలో పద్నాలుగు, నిండుగా.

గంగప్ప తలగుడ్డతో చెమట తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"నాయనా, ఈడ చూడు. తేదీ ఇంక సరిగ్గా రాత్రి పన్నెండుకు మారుతాది."

గంగప్ప వాచీ వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"నిన్నెవురు చేయమన్న్యార్రా?"

"చెడిపోయింటే బాగుచేసినా."

"అది చెడిపోలేదురా! దుడ్లిచ్చి చేపిచ్చుకున్న్యాం అట్ల!"

కేశవ తేదీ గడి వైపు మళ్లీ చూశాడు.

"నేనూ మీ చిన్నాయనా ఇద్దరం పోయి వాచీలు చేసే సర్ఫరాజ్ ముందర కూర్చుని ముళ్లు మార్పిచ్చుకుంటిమి. బోరు పొత్తుది కదా. సరి తేదీ నాది, బేసి తేదీ మీ చిన్నాయన ఆదెప్పది. కరెంటు రాత్రి పదికొస్తాది, తెల్లారుజామున అయిదుకు పోతాది. పన్నెండుకే తేదీ మారితే ఆ నీళ్లు ఎవురివి? పోయినేడు ఆదెప్ప నడిరేయి వచ్చి, తేదీ మారిందని నా చేనికి నీళ్లు పారే మడవ కట్టేసినాడు. నేను పార ఎత్తినా. ఉగాదికి కూడా మాటల్లేవు మా మధ్య."

"పొద్దు పొడిస్తేనే రోజు మారినట్ల అని అనుకుంటే సాలదా? దానికి వాచీ ఎందుకు?"

"అనుకున్న్యాం. నోటిమాట నిలబడలా. వాచీ చెప్తే ఇద్దరమూ వింటాం." గంగప్ప తల పట్టుకున్నాడు. "ఎవురి వంతైతే వాచీ వాళ్లకాడ ఉంటాది. నా వంతు రోజు మాపుసారి వచ్చి తేదీ చూసిపోతాడు వాడు. నా కొడుకే విప్పినాడంటే నమ్ముతాడా? బుడ్డలు ఊడలు దిగే టయాన మళ్లా పారలెత్తాల్నా?"

"అడిగి ముట్టమంటి కదరా," అంది కదిరమ్మ.

కేశవ మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పొద్దుటి నుంచి సరిచేసినదాన్ని ఇప్పుడు చెడగొట్టాలి. చెడగొట్టడమే కష్టమైంది. మొదటిసారి తేదీ ఏడున్నరకు మారింది.

"ఏడున్నరైతే ఏం నష్టం? కరెంటు అయిదుకే పోతాది కదా?" అన్నాడు విసుగుతో.

"వానికి కండ్లు లేవా? ఆరుకు సగం సగం ఉండాల. అదే వంతు మారే గుర్తు."

రెండోసారి నాలుగున్నరకే మారింది. అన్నం తినమని కదిరమ్మ పిలిస్తే కసిరాడు. సాయంత్రం ఉరవకొండ మీదుగా పోయే బస్సు హారన్ వినబడింది. అతను ఎక్కాల్సిన బస్సు అదే. వెళ్లిపోయింది. ఆ తర్వాతి ప్రయత్నంలో ఆరు దగ్గర అంకె సగమైంది. వాచీని కొక్కేనికి తగిలించి చెయ్యి తీశాడో లేదో, ఆదెప్ప లోపలికి వచ్చాడు.

"ఏమప్పా కేశవా, బస్సు పాయ కదా, ఈడనే ఉండావే?"

"రేపు పోతా చిన్నాయనా."

ఆదెప్ప వాచీ తీసుకుని గడి చూశాడు. "పద్నాలుగు. మీదే ఈ రాత్రి." వాచీ చెవికి ఆనించుకున్నాడు. గాజు మీద వేలితో రుద్దాడు. "ఏందిది, తళతళ మెరుస్తాండాదే?"

గంగప్ప తలగుడ్డ సర్దుకున్నాడు.

"వాడు దుమ్ము తుడిసినాడులే," అంది కదిరమ్మ.

"తుడిస్తే తుడిసినాడు. తేదీ జోలికి పోలేదు కదా? పట్నంలో మెకానిక్కువి, నీకు చెయ్యి ఊరకుండదు."

"నాకెందుకు చిన్నాయనా," అన్నాడు కేశవ.

ఆదెప్ప వాచీని అన్న చేతికిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గంగప్ప చేనుకాడి నుంచి వచ్చేసరికి కేశవ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆదెప్ప వెనకే వస్తున్నాడు. గంగప్ప చేతికున్న వాచీ విప్పి కొడుకు చేతిలో పెట్టాడు. టైము ఆరు. పైన సగం పద్నాలుగు, కింద సగం పదహైదు.

కేశవ గట్టిగా ఊపిరి వదిలి, వాచీని చిన్నాయనకు అందించాడు.

"ఇంక మీదే చిన్నాయనా."

కదిరమ్మ లోపలి నుంచి కేకేసింది. "రేయ్, ఈసారి వచ్చేటప్పుడు ఆ స్క్రూడ్రైవర్లు ఆడనే పెట్టి రా!"